నీటి చుక్కల ఫోటోలు: వెయ్యిలో రెండే ఎందుకు బాగుంటున్నాయి, మిగతావి ఎందుకు పారేయకూడదు

ముందు మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నట్టుగా ఒకసారి చెబుతాను. మూడు నెలలుగా నీటి చుక్కల ఫోటోలు తీస్తున్నారు. ఒక చేత్తో డ్రాపర్ నొక్కుతూ ఇంకో చేత్తో షట్టర్ నొక్కుతున్నారు. షట్టర్ స్పీడ్ 1/8000 పెట్టినా అంచులు చెదిరినట్టు వస్తున్నాయి. వెయ్యి తీస్తే రెండు బాగుంటున్నాయి, మిగతావన్నీ డిలీట్ చేస్తున్నారు. చుక్కను కనిపెట్టే సెన్సర్, చుక్కను వదిలే వాల్వ్ ఉండి సరైన క్షణానికి కెమెరాను నొక్కే ట్రిగ్గర్ కొంటే అవే ఫోటోలు ఎవరికైనా వస్తాయి కదా, ఇందులో నీ కళ ఏముంది అని మీ స్నేహితుడు అన్న మాట మీకు బాగా గుచ్చుకుంది. బ్లర్ ఎలా పోగొట్టాలి, ఇది కళా కాదా అని రెండూ కలిపి అడిగారు. నాలుగు ఫోటోలు కూడా పెట్టి, ఫోటోషాప్‌లో దిద్దడం గురించీ అడిగారు.

పదమూడేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. నాకు తెలిసినంతలో మొదటి రెండు ప్రశ్నలూ విడివిడివి కావు. బ్లర్ సంగతి తేలితే రెండో దానికి దారి దొరుకుతుంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

చుక్కను ఆపేది షట్టర్ కాదు, ఫ్లాష్. 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడిన చుక్క నీళ్లను తాకేసరికి సెకనుకు దాదాపు 2.8 మీటర్ల వేగంతో ఉంటుంది. 1/8000 సెకనులో అది 0.35 మిల్లీమీటర్లు కదులుతుంది. వినడానికి ఇది చాలా తక్కువ. కానీ మీరు మాక్రో లెన్స్‌తో సగం సైజులో తీస్తున్నారు, అంటే కెమెరా సెన్సర్ మీద బొమ్మ అసలు వస్తువులో సగం ఉంటుంది. సెన్సర్ మీద అది 0.17 మిల్లీమీటర్ల గీత అవుతుంది. అంటే ముప్పై పిక్సెళ్లకు పైనే. మీకు కనిపిస్తున్న చెదురు అదే.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది, దీన్ని చాలామంది గమనించరు. 1/8000 అంటే సెన్సర్ మొత్తం ఒకేసారి తెరుచుకుని మూసుకోవడం కాదు. షట్టర్ రెండు తెరల మధ్య ఉన్న సన్నటి చీలిక సెన్సర్ ఈ కొస నుంచి ఆ కొసకు జారుతూ పోతుంది. ఆ ప్రయాణానికి మామూలుగా 3 నుంచి 5 మిల్లీసెకన్లు పడుతుంది. 4 మిల్లీసెకన్లు అనుకుంటే ఈలోగా చుక్క 11 మిల్లీమీటర్లు దిగిపోతుంది. అంటే మీ ఫోటో పైభాగం ఒక క్షణానిది, కింది భాగం ఇంకో క్షణానిది. ఫ్లాష్‌ను హై స్పీడ్ సింక్‌లో పెట్టినా ఇదే జరుగుతుంది. ఎందుకంటే ఆ మోడ్‌లో ఫ్లాష్ ఒక్క మెరుపుగా కాకుండా ఆ చీలిక నడిచినంతసేపూ టకటకా వెలుగుతూనే ఉంటుంది.

కాబట్టి షట్టర్‌ను మర్చిపోండి. గది చీకటి చేయండి. కెమెరాను మాన్యువల్‌లో 1/200 దగ్గరో, పూర్తి చీకటి కుదిరితే షట్టర్‌ను తెరిచే ఉంచే బల్బ్ మోడ్‌లోనో పెట్టండి. ఫ్లాష్‌ను మాన్యువల్‌లోకి మార్చి పవర్ 1/64కో 1/128కో దించండి. కెమెరా మీద పెట్టుకునే మామూలు ఫ్లాష్‌లో పవర్ తగ్గించడం అంటే వెలుగును మసక చేయడం కాదు. వెలుగుతున్న మెరుపును మధ్యలోనే కోసేయడం. ఫుల్ పవర్‌లో దాదాపు 1/1000 సెకను వెలిగేది, 1/128లో చాలా మోడళ్లలో 1/20,000 నుంచి 1/35,000 సెకను మాత్రమే వెలుగుతుంది. అంత తక్కువ సమయంలో చుక్క 0.1 మిల్లీమీటర్ అటూఇటూ మాత్రమే కదులుతుంది. పైగా మనకు కావలసిన ఆకారాలు చాలావరకు పడే చుక్కంత వేగంగా ఉండవు. పైకి లేచిన నీటి స్తంభం శిఖరానికి చేరాక ఒక్క క్షణం దాదాపు ఆగిపోతుంది కూడా.

స్టూడియో ఫ్లాష్ పెద్దది కదా, ఇంకా మంచిది అనుకుని దాన్ని వాడకండి. పాత పద్ధతి స్టూడియో ఫ్లాష్‌లలో పవర్ తగ్గించే కొద్దీ మెరుపు ఇంకా పొడవవుతుంది. నేను మొదటి ఏడాదిలో రెండు నెలలు ఈ ఒక్క విషయం తెలియక పోగొట్టుకున్నాను. లెన్స్ పాడైందనుకున్నాను, ట్రైపాడ్ వణుకుతోందనుకున్నాను. లోపం వాటిలో దేనిదీ కాదు.

పవర్ తగ్గిస్తే వెలుతురు చాలదు, నిజమే. చిన్న ఫ్లాష్‌లు రెండో మూడో పెట్టి, వాటిని 20, 30 సెంటీమీటర్ల దగ్గరికి తీసుకురండి. అపర్చర్ ఎఫ్/11, ఐఎస్ఓ 400 నుంచి 800. ఫ్లాష్ వెలుగును కెమెరాయే కొలిచి నిర్ణయించే టీటీఎల్ మోడ్ ఆపేయండి, లేకపోతే ముందుగా వెలిగే ప్రీ-ఫ్లాష్ మొత్తం లెక్కను చెడగొడుతుంది. సెటప్ అయ్యాక ఒక పరీక్ష చేయండి. ఫ్లాష్‌లు ఆపేసి, అవే సెట్టింగ్స్‌తో ఒక ఫోటో తీయండి. అది పూర్తిగా నల్లగా రావాలి. ఏ కొంచెం కనిపించినా గదిలో ఇంకా వెలుతురు ఉందన్నమాట, అది మీ చుక్క వెనకాల నీడలా తోకను గీస్తుంది.

ఈ ఉపాయం కొత్తదేం కాదు. 1851లోనే ఫోటోగ్రఫీ తొలి ఆవిష్కర్తల్లో ఒకడైన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ గిరగిరా తిరిగే చక్రానికి వార్తాపత్రిక ముక్క అంటించి, విద్యుత్తును నిల్వ చేసే లేడెన్ జాడీల నుంచి పుట్టించిన విద్యుత్ మెరుపు వెలుగులో ఫోటో తీశాడు. తిరుగుతున్న కాగితం ఆగి ఉన్నట్టు పడింది. చీకటి గది, తెరిచి ఉంచిన కెమెరా, ఒక్క మెరుపు. మనం ఈ రోజుకీ చేస్తున్నది అదే.

ఇక వెయ్యిలో రెండు సంగతి. 40 సెంటీమీటర్ల నుంచి చుక్క పడడానికి సుమారు 286 మిల్లీసెకన్లు పడుతుంది. తాకిన తర్వాత చూడదగ్గ ఆకారాలన్నీ ఇంచుమించు 100, 150 మిల్లీసెకన్లలో అయిపోతాయి. మనిషి కన్ను చూసి, మెదడు చెప్పి, వేలు నొక్కేసరికి దాదాపు 200 మిల్లీసెకన్లు పోతాయి. దానికి కెమెరా తీసుకునే ఆలస్యం కూడా కలపండి. చేత్తో నొక్కేవాళ్లు చుక్కను చూసి నొక్కడం లేదు, లయను ఊహించి నొక్కుతున్నారు. అలా రెండు దొరికాయంటే మీ లయ బాగుందనే అంటాను.

చుక్క నీళ్లలో పడిన తర్వాత ఏం జరుగుతుందో ఒక్కసారి దగ్గరగా చూద్దాం, ఎందుకంటే మీరు ఎంచుకోవలసింది ఇందులోంచే. చుక్క కన్నీటి బొట్టులా కోసుగా ఉంటుందని బొమ్మల్లో వేస్తారు. గాలిలో అది గుండ్రంగా ఉంటుంది, కానీ నిలకడగా ఉండదు. గొట్టం కొన నుంచి తెగిన కుదుపుకి ఒకసారి నిలువుగా సాగుతుంది, మరుసటి క్షణం అడ్డంగా నొక్కుకుంటుంది. 5 మిల్లీమీటర్ల చుక్క సెకనుకు సుమారు 30 సార్లు ఇలా ఊగుతుంది. తాకే క్షణానికి అది సాగి ఉందా నొక్కుకుని ఉందా అన్న దాన్ని బట్టి ఆ తర్వాత వచ్చేదంతా మారిపోతుంది. లెక్క వేసి చూడండి, వాల్వ్ ఎత్తును 4, 5 సెంటీమీటర్లు మార్చితే చాలు, సాగిన చుక్క బదులు నొక్కుకున్న చుక్క నీళ్లను తాకుతుంది. ‘నిన్న అన్నీ బాగా వచ్చాయి, ఈరోజు స్టాండ్ కొంచెం కదిలింది, ఒక్కటీ రావడం లేదు’ అని చాలామంది అంటుంటారు. కారణం తరచుగా ఇదే.

తాకగానే చుట్టూ పల్చటి నీటి గోడ లేస్తుంది. దాని పైఅంచు నిలకడగా ఉండలేక వేళ్లలా విడిపోతుంది, ఆ వేళ్ల కొసల నుంచి చిన్న చిన్న పూసలు తెగిపడతాయి. మనం కిరీటం అంటున్నది దీన్నే. నీళ్లు లోతుగా ఉంటే కింద ఒక గిన్నె లాంటి గుంట పడుతుంది. ఆ గుంట మూసుకుపోతూ అన్ని వైపుల నుంచి నీళ్లు మధ్యకు పరిగెత్తి, ఎటూ దారి లేక పైకి లేస్తాయి. అదే స్తంభం. అది సాగుతూ సన్నబడుతుంది, దాని తల మీద ఒక బంతి తయారై విడిపోతుంది. సన్నటి నీటి ధార తనంతట తాను చుక్కలుగా ఎందుకు తెగిపోతుందో 19వ శతాబ్దంలో భౌతిక శాస్త్రవేత్తలు జోసెఫ్ ప్లాటో ప్రయోగాలతో, లార్డ్ రేలీ గణితంతో వివరించారు. తలతన్యత ఎప్పుడూ ఉపరితలాన్ని తగ్గించాలని చూస్తుంది, పొడవాటి ధార కంటే వరుస చుక్కలకు ఉపరితలం తక్కువ.

ఇందులో నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే సంగతి ఒకటుంది. ట్రేలో మామూలు నీళ్లు ఉంచి, పడే చుక్కకు మాత్రం ఎర్ర రంగు కలపండి. ఆ చుక్క మునిగి మాయమవుతుందనే అనుకుంటాం. కానీ అది గుంట లోపలి గోడకు పల్చగా పూసుకుని, గుంట మూసుకునేటప్పుడు మళ్లీ మధ్యకు చేరి, స్తంభం తల మీదికి వస్తుంది. తేటనీటి కాండం, దాని కొసన ఎర్రటి మొగ్గ. పడిన చుక్కే తిరిగి లేచింది. రంగులను ఎక్కడ కలపాలో నేను నేర్చుకున్నది దీన్ని చూసే.

మనకు వినిపించే ‘టప్’ శబ్దం కూడా చుక్క తాకినందుకు వచ్చేది కాదు. గుంట అడుగున చిక్కిన చిన్న గాలి బుడగ కంపించడం వల్ల వస్తుంది. కేంబ్రిడ్జ్ ఇంజినీర్లు హై స్పీడ్ కెమెరాను, నీటి లోపల మైక్‌ను కలిపి 2018లో ఈ సంగతి స్పష్టంగా చూపించారు. నీళ్లలో కొంచెం గిన్నెల సబ్బు కలిపితే ఆ శబ్దం రాదని కూడా చెప్పారు. సబ్బు కలిపినప్పుడు ఫోటోలో ఆకారం మారడం మీరు గమనించి ఉంటే, చెవికి కూడా తేడా తెలిసి ఉండాలి.

ఇప్పుడు కంట్రోల్ సంగతి. కిరీటం కావాలంటే ట్రేలో ద్రవం ఒకటి రెండు మిల్లీమీటర్ల పల్చటి పొరగా ఉండాలి. స్తంభం కావాలంటే కనీసం 3, 4 సెంటీమీటర్ల లోతు ఉండాలి. గొడుగు ఆకారం కావాలంటే రెండు చుక్కలు కావాలి. మొదటిది లేపిన స్తంభం తల మీద రెండోది సరిగ్గా పడి చదునుగా పరుచుకోవాలి. ఇక్కడే కరెంటుతో తెరుచుకుని మూసుకునే సోలినాయిడ్ వాల్వ్, టైమర్ అవసరమవుతాయి. నా సెటప్‌లో వాల్వ్ మొదటి చుక్కకు 45 మిల్లీసెకన్లు తెరుచుకుంటుంది, 70 ఆగుతుంది, రెండో చుక్కకు 40 తెరుచుకుంటుంది. ఈ అంకెలు మీకు పనిచేయకపోవచ్చు. ఎత్తు, గొట్టం లావు, ద్రవం చిక్కదనం, ఏది మారినా ఇవీ మారతాయి. మొదలుపెట్టడానికి చోటు దొరుకుతుందని చెబుతున్నాను, అంతే. ఒకేసారి ఒక్క అంకెనే, 2 మిల్లీసెకన్ల చొప్పున మార్చండి. పక్కన నోట్‌బుక్‌లో రాసుకోండి. రాసుకోకుండా ఈ పని చేయలేం.

చుక్క సైజు నిలకడగా రావాలంటే సీసాలో నీటి ఒత్తిడి మారకూడదు. నీళ్లు ఖాళీ అయ్యే కొద్దీ ఒత్తిడి తగ్గి చుక్క చిన్నదవుతుంది. దీనికి మారియట్ సీసా అనే పాత పద్ధతి ఉంది. గాలి చొరబడకుండా మూత బిగించి, ఆ మూతలోంచి ఒక సన్న గొట్టాన్ని నీళ్ల లోపలి దాకా దించాలి. అప్పుడు వాల్వ్ మీద ఒత్తిడి ఆ గొట్టం కింది కొన ఎక్కడుందో దాన్ని బట్టే ఉంటుంది, నీటి మట్టం ఆ కొన కిందికి దిగేవరకూ మారదు. రూపాయి ఖర్చు లేకుండా మీ ఫలితాలు సగానికి సగం మెరుగుపడే పని ఇది.

ద్రవం చిక్కదనం గురించి కూడా చెప్పాలి. ఉత్త నీళ్లతో గొడుగులు చిందరవందరగా చిరిగిపోతాయి. లీటరు నీళ్లకు 1 నుంచి 3 గ్రాముల జాంథన్ గమ్ కానీ, గ్వార్ గమ్ కానీ (ద్రవాన్ని చిక్కబరిచే పొడులు) కలిపి, రాత్రంతా నాననిచ్చి, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. కరగని చిన్న గడ్డ ఒక్కటి చాలు వాల్వ్‌ను మూసేయడానికి. ఇలా చేస్తే గొడుగు అంచు పట్టులా సాఫీగా వస్తుంది. వేడి కూడా చూసుకోండి. నీటి చిక్కదనం 20 డిగ్రీల దగ్గర ఉన్నదానికంటే 30 డిగ్రీల దగ్గర ఐదో వంతు తక్కువ. ఫ్రిజ్‌లోంచి తీసిన మిశ్రమంతో మొదలుపెడితే గంటలో మీ టైమింగ్ అంతా తప్పిపోతుంది. గది వేడికి వచ్చాకే మొదలుపెట్టండి.

ఫోకస్‌కు ఒక పొడవాటి బోల్టును కొన పైకి ఉండేలా ట్రేలో నిలబెట్టి, చుక్క సరిగ్గా దాని కొన మీద పడేలా జరపండి. దాని మీద మాన్యువల్ ఫోకస్ చేసి, లెన్స్‌ను మళ్లీ ముట్టుకోకుండా బోల్టును తీసేయండి. సగం సైజులో ఎఫ్/11 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 4 మిల్లీమీటర్లే, గాలి తగిలి చుక్క పక్కకు పడినా ఫోటో పోతుంది. ఫ్యాన్ ఆపేయండి.

కరెంటు విషయంలో జాగ్రత్త. వాల్వ్‌కు 12 లేదా 24 వోల్టుల అడాప్టర్ వాడండి, దాన్ని నీళ్లకు దూరంగా, ట్రే కంటే ఎత్తులో ఉంచండి. వాల్వ్ కాయిల్‌కు అడ్డంగా డయోడ్ (కరెంటును ఒక వైపే పోనిచ్చే చిన్న భాగం) పెట్టకపోతే సర్క్యూట్ కాలిపోవచ్చు. పాత ఫ్లాష్‌ల ట్రిగ్గర్ దగ్గర 200 వోల్టులకు పైగా ఉండవచ్చు, వాటిని నేరుగా కెమెరాకో బోర్డుకో కలపవద్దు.

వెలుతురు మాత్రం నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. నీళ్ల మీద నేరుగా ఫ్లాష్ కొడితే తెల్లటి మచ్చలు తప్ప ఏమీ రాదు. నీటికి సొంత రంగు కనిపించదు, అది తన వెనక ఉన్నదాన్ని వంచి చూపిస్తుంది. అందుకని ఫ్లాష్‌ను వెనక పెట్టి, మధ్యలో పాలలాంటి తెల్ల అక్రిలిక్ షీట్ నిలబెట్టి, దాన్ని వెలిగించండి. షీట్‌కు అంటించిన జెల్ కాగితాల (వెలుగు దాటే రంగు కాగితాలు) రంగులన్నీ చుక్కలోకి వస్తాయి. ప్రతి చుక్కా ఒక కటకం కాబట్టి, వెనక ఉన్నది తలకిందులుగా కనిపిస్తుంది. పైన నీలం, కింద నారింజ పెడితే చుక్కలో నారింజ పైకి వస్తుంది. షీట్‌కు రెండు పక్కలా నల్ల అట్ట పెట్టి చూడండి. ఆ నలుపు వంగి వచ్చి నీటి అంచుకు సన్నటి గీతలా కూర్చుంటుంది, ఆకారం ఎవరో పెన్సిల్‌తో గీసినట్టు తేలుతుంది. ఆ అట్టలను ఒక అంగుళం జరిపితే గీత లావు మారుతుంది. ఒక్కోసారి చుక్కలు వదలడం మానేసి ఆ అట్టలు జరుపుతూనే గంట గడిపేస్తాను.

ఇదంతా విన్నాక మీ స్నేహితుడు ‘చూశావా, అంతా యంత్రమే’ అనవచ్చు. ఆ మాటకు నా జవాబు ఆర్థర్ వర్తింగ్‌టన్ కథలో ఉంది. ఆయన ఇంగ్లండ్‌కు చెందిన భౌతిక శాస్త్రవేత్త. 1870ల నుంచి పాలు, పాదరసం చుక్కలు పడడాన్ని పరిశీలిస్తూ వచ్చాడు. అప్పటికి ఆ వేగాన్ని పట్టే ఫోటో ప్లేట్లు ఆయన దగ్గర లేవు. చీకటి గదిలో చుక్క వదిలి, సరిగ్గా కావలసిన క్షణానికి విద్యుత్ మెరుపు వచ్చేలా అమర్చి, ఆ ఒక్క మెరుపులో కంటికి కనిపించిన దాన్ని వెంటనే బొమ్మ గీసేవాడు. తర్వాత మెరుపును ఇంకొంచెం ఆలస్యం చేసి, తర్వాతి దశను గీసేవాడు. అలా ఏళ్ల తరబడి గీశాడు. ఆ బొమ్మల్లో కిరీటాలు వృత్తలేఖిని పెట్టి గీసినట్టు ఉంటాయి. అన్ని వేళ్లూ సమానం, అన్ని పూసలూ సమ దూరం.

1890ల్లో ఆయనకు ఫోటోలు తీయడం కుదిరింది. ఫోటోల్లో ఒక్క కిరీటమూ అలా లేదు. ఒక వేలు పొట్టి, ఒకటి వంకర, ఒక పక్క గోడ తెగింది. ఆయన వెనక్కి వెళ్లి తన పాత బొమ్మలు తిరగేసి చూసుకుంటే, వాటిలోనూ వంకర ఆకారాలు ఎన్నో ఉన్నాయి. కంటితో చూసినప్పుడు అవన్నీ పొరపాట్లు, ఏదో తేడా జరిగి వచ్చినవి అనుకుని పక్కన పెట్టి, చక్కగా ఉన్నవాటినే ప్రచురించాడు. మనసులో ముందే ఒక ఆదర్శ చుక్క కూర్చుని ఉందని, నిజంగా ఎప్పుడూ జరగని ఆ పరిపూర్ణ రూపాన్నే తాను చూస్తూ వచ్చానని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ ఫోటోలతో 1908లో ‘ఎ స్టడీ ఆఫ్ స్ప్లాషెస్’ అనే పుస్తకం వేశాడు.

అంత నిజాయితీగా తన చూపును తానే సరిదిద్దుకున్న మనిషి మీద నాకు చాలా గౌరవం. మీరూ నేనూ చేస్తున్న తప్పు సరిగ్గా ఆయన మొదట్లో చేసిందే. వెయ్యిలో రెండు బాగున్నాయి అన్నారు. ఏ లెక్కన బాగున్నాయి? సమానంగా ఉన్నాయి కాబట్టి. మిగతా తొమ్మిది వందల తొంభై ఎనిమిది మీ మనసులో ఉన్న కిరీటంతో కలవలేదు కాబట్టి డిలీట్ అయ్యాయి.

నేనూ మొదటి రెండేళ్లు అదే చేశాను. సమానంగా లేని ప్రతి ఫ్రేమ్‌నూ అదే రాత్రి తీసేసేవాణ్ని. ఆ రోజుల నాటి ఒక మెమరీ కార్డు చాలా ఏళ్ల తర్వాత డ్రాయర్‌లో దొరికింది. కాపీ చేసి ఖాళీ చేయడం మర్చిపోయిన కార్డు అది. అందులో నాలుగు వందల చిల్లర ఫ్రేములు ఉన్నాయి. ఆ రాత్రి ట్రే కింద పెట్టిన చెక్క ముక్క జారి, నీటి పొర ఒక పక్క లోతుగా, ఇంకో పక్క పల్చగా ఉందని వాటిని చూస్తేనే తెలుస్తుంది. ఒక ఫ్రేములో కిరీటం ఎడమ గోడ లేవనే లేదు. కుడి గోడ మాత్రం రెట్టింపు ఎత్తు లేచి, లోపలికి ఒరిగి, అరచెయ్యి దేన్నో కాపాడుతున్నట్టు ఉంది. ఆ గోడ ఎంత పల్చగా ఉందంటే వెనక షీట్ మీద గీత దాని గుండా కనిపిస్తోంది. పూసలు అన్నీ ఒకే వైపు ఎగురుతున్నాయి. నేను తీసిన వాటిలో గోడకు తగిలించుకున్నది అదొక్కటే. అప్పటి నుంచి ట్రేను కావాలనే వంచుతున్నాను. ఒక డిగ్రీ, రెండు డిగ్రీలు, మూడు. వంపుతో గోడ ఎటు ఒరుగుతుందో ఇప్పుడు కొంత చెప్పగలను. కానీ ఆ ఒరుగుదల చెయ్యిలా కనిపించే క్షణాన్ని ఏ టైమరూ చెప్పలేదు.

యంత్రం గురించి నేను అనేది ఇదే. వాల్వ్, టైమర్ లేనప్పుడు ఏది దొరికితే అదే తీసుకుంటారు, వద్దనే స్వేచ్ఛ మీకు ఉండదు. అదే చుక్కను అదే చోట వందసార్లు వేయగలిగినప్పుడే ఆ వందలో తేడాలు కనిపిస్తాయి, ఏ తేడా మీదో మీరు ఎంచుకోగలరు. నిజంగా ఒకే సెట్టింగ్‌తో వంద తీసి వరుసగా పెట్టి చూడండి. వేళ్ల లెక్క ఒక్కటి ఉండదు, పూసలు ఒక చోట తెగవు. మీ స్నేహితుడు అదే మెషీన్ కొని అవే అంకెలు పెట్టినా ఆయనకు వేరే వంద వస్తాయి, అందులోంచి ఆయన వేరేది ఎంచుకుంటాడు.

హెరాల్డ్ ఎడ్జెర్టన్ కూడా ఇక్కడ గుర్తుకొస్తాడు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్, ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను, వెంటవెంటనే మెరిసే స్ట్రోబ్‌ను ఇప్పుడు మనకు తెలిసిన రూపానికి తెచ్చినవాడు. ఆయన తీసిన పాల చుక్క కిరీటం ఫోటో 1937లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ పెట్టిన మొదటి పెద్ద ఫోటోగ్రఫీ ప్రదర్శనలో ఉంది. అందరికీ తెలిసిన ఎర్ర నేపథ్యం మీది రంగుల కిరీటం మాత్రం 1957 నాటిది. మధ్యలో ఇరవై ఏళ్లు, అదే పాల చుక్క. తాను ఇంజినీర్‌ననీ, తనను కళాకారుడని అనొద్దనీ, తనకు కావలసింది వాస్తవాలేననీ ఆయన అనేవాడు. ఆయన మాటను గౌరవిస్తూనే నేను ఒప్పుకోను. వాస్తవం ఒక్కటే కావలసిన మనిషికి మొదటి ఏడాది ఫోటోలతో పని అయిపోయేది. మళ్లీ మళ్లీ తీయాలనిపించిందంటే, వచ్చినదానికీ మనసులో ఉన్నదానికీ మధ్య ఇంకా ఏదో మిగిలి ఉందనే కదా.

వర్తింగ్‌టన్, ఎడ్జెర్టన్ ఇద్దరూ పాలు వాడడానికి సాదా కారణం ఒకటుంది. పాలు తెల్లగా, వెలుగు దాటిపోకుండా ఉంటాయి కాబట్టి ఉపరితలం ఆకారం శిల్పంలా తేలుతుంది. మీరూ కిరీటాల వరకు నీళ్లు మాని పాలతో ఒక వారం తీసి చూడండి. వెలుతురు సమస్య తగ్గి ఆకారం మీద దృష్టి పెట్టగలుగుతారు.

ఫోటోషాప్‌లో వంకర వేలిని చెరిపేసి ఇంకో పక్క వేలిని కాపీ చేసి అతికించడం గురించి కూడా అడిగారు. నేను చేయను. నీటి మీద పడిన దుమ్ము, లెన్స్ మీది మచ్చ, పక్కకు చిందిన మరక తీసేస్తాను. వేళ్లను ముట్టుకోను. ఈ రకం ఫోటోకు ఉన్న విలువంతా ఇది నిజంగా ఒక క్షణం ఉండి పోయింది అన్న నమ్మకంలోనే ఉంది. వర్తింగ్‌టన్ ఎన్నో ఏళ్లు పట్టి వదిలించుకున్న ఆదర్శ చుక్కను మనం మౌస్‌తో మళ్లీ గీయడం నాకు మనస్కరించదు. వేరేవాళ్లు చేస్తే తప్పనను, అది బొమ్మ అని చెప్పి చేస్తే చాలు.

మీరు పెట్టిన నాలుగు ఫోటోల్లో మొదటి రెండూ బాగున్నాయని రాశారు. అవి శుభ్రంగా ఉన్నాయి, కానీ అలాంటివి నేను చాలా చూశాను. మూడోది ‘ఫెయిల్’ అని రాసి పెట్టారు చూశారా, నా కన్ను అక్కడే ఆగింది. స్తంభం కొంచెం ఎడమకు ఒరిగింది, దాని తల మీద బంతి ఇంకా తెగలేదు, వెంట్రుక లాంటి నీటి దారం ఒకటి దాన్ని పట్టుకుని ఉంది. ఆ దారం మధ్యలో చిన్న ఉబ్బు కూడా కనిపిస్తోంది, ఇంకో మిల్లీసెకను ఆగితే అక్కడ మరో చిన్న చుక్క పుట్టేది. దానికి వెనక షీట్ మీద కొంచెం ముదురు రంగు ఉంటే ఆ దారం ఇంకా తేలేది. అది ఎంత ఎత్తు నుంచి వేశారో, ట్రేలో ఎంత లోతు నీళ్లు ఉన్నాయో గుర్తుంటే రాయండి. దానికి ముందూ వెనకా తీసిన ఫ్రేములు ఇంకా డిలీట్ చేయకపోతే అవి కూడా పెట్టండి, ఆ ఒరుగుదల ఎక్కడి నుంచి వచ్చిందో కలిసి చూద్దాం.